జింక వెంట్రుకల ఫ్లైకి రబ్బరు కాళ్లు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఫ్లై అంటే చేపను ఆకర్షించడానికి గాలం మీద కట్టే కృత్రిమ ఎర. జింక వెంట్రుకలు గాలం కాడ చుట్టూ తిప్పి, వెనక్కి నొక్కి, బ్లేడుతో చెక్కి చేసే బాస్ బగ్, డైవర్, కప్ప, ఎలుక లాంటి ఫ్లైలలో బాడీ చాలాకాలం నిలుస్తుంది. ముందు పాడయ్యేవి కాళ్లే. ఊడిపోతాయి, తెగిపోతాయి, అన్నీ ఒకే పక్కకి పోగవుతాయి, డబ్బాలో ఉండగానే జిగటగా మారతాయి. పైకి ఇవి వేరువేరు సమస్యల్లా కనిపిస్తాయి కానీ చాలావాటికి మూలం ఒకటే: రబ్బరును కూడా వెంట్రుకలాగానో ఈకలాగానో కట్టేయడం. వెంట్రుక సాగదు, రబ్బరు సాగుతుంది. తేడా అంతా అక్కడే.

కాబట్టి ముందు ఈ ఒక్క సూత్రం పట్టుకోండి. దారంతో కట్టేటప్పుడు రబ్బరును సాగదీయకూడదు, సూదితో దూర్చేటప్పుడు సాగదీయాలి. సాగిన రబ్బరు సన్నబడి చిన్న సందులోంచి కూడా దూరుతుంది. వదిలేస్తే మళ్లీ లావై అక్కడే బిగుసుకుంటుంది. ఇది మనకు పనికొచ్చే గుణం. కానీ అలా సాగి ఉన్నప్పుడే దారం అంచో బ్లేడు అంచో కాస్త తగిలితే చాలు, పుటుక్కున తెగుతుంది. వదులుగా ఉన్న రబ్బరు అదే దెబ్బకు చిన్న గీతతో బయటపడుతుంది.

కాళ్లు పెట్టే దారులు రెండు. బాడీ కడుతున్నప్పుడే రెండు వెంట్రుకల కుచ్చుల మధ్య దారంతో బిగించేవి కట్టుడు కాళ్లు. బాడీ చెక్కడం పూర్తయ్యాక అడ్డంగా సూదితో లాగేవి దూర్చుడు కాళ్లు. 2వ నంబరు గాలం, అంతకంటే పెద్దవాటి మీద కట్టే బగ్‌లకి దూర్చుడు కాళ్లే మేలు: చెక్కేటప్పుడు అడ్డం రావు, పాడైతే మార్చుకోవచ్చు. చేప లాగుడుకి ఎక్కువ ఓర్చుకునేవి మాత్రం కట్టుడు కాళ్లే. చిన్న ఫ్లైలలో సూదికి చోటుండదు కాబట్టి కట్టుడు తప్ప దారి లేదు. డగ్ స్విషర్ రూపొందించిన మేడమ్ ఎక్స్ ఇందుకు మంచి ఉదాహరణ. అందులో జింక వెంట్రుకలను ముందుకి కట్టి, వెనక్కి మడిచి, తల వెనక దారంతో పట్టీలా బిగిస్తారు. కాళ్లను అదే పట్టీ మీద రెండు పక్కలా కడితే పైనుంచి చూసినప్పుడు గుణకారం గుర్తులా కనిపిస్తాయి.

చేతిలో ఉన్నది ఏ రబ్బరు?

ఇది తేల్చుకోకుండా కింద చెప్పే ఏ పరిష్కారమూ సరిగ్గా పనిచేయదు. ముఖ్యంగా జిగురు సంగతి పూర్తిగా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

సహజ రబ్బరు కాళ్లు సాధారణంగా అపారదర్శకంగా, మెరుపు లేకుండా ఉంటాయి. గుండ్రటి పోగులుగా గానీ, పక్కపక్కన అతుక్కున్న పట్టీగా గానీ దొరుకుతాయి. సిలికాన్ కాళ్లలోంచి వెలుతురు కాస్త కనిపిస్తుంది, చాలావాటిలో మెరుపు తునకలు కలిపి ఉంటాయి, తాకితే జారుడుగా ఉంటాయి. స్పాండెక్స్ కాళ్లు వీటికంటే సన్నగా, ఎంత లాగినా తెగనట్టుగా సాగుతాయి. అనుమానం వస్తే ఒక చిన్న ముక్కను పట్టకారుతో పట్టుకుని, గాలి ఆడేచోట అగ్గిపుల్లతో వెలిగించండి. సహజ రబ్బరు నల్లటి మసితో, ఘాటైన వాసనతో కాలుతుంది. సిలికాన్ కాలితే తెల్లటి బూడిద మిగులుతుంది.

సూపర్‌గ్లూ సహజ రబ్బరును గట్టిగా పట్టుకుంటుంది. సిలికాన్‌ను అసలు పట్టుకోదు. సిలికాన్ కాలికి సూపర్‌గ్లూ రాస్తే చుట్టూ ఉన్న వెంట్రుకలు గట్టిపడతాయి తప్ప కాలు అంటుకోదు, ఒక లాగుడుకి ఆ గట్టిపడిన గొట్టంలోంచి జారి వచ్చేస్తుంది. అతినీలలోహిత కాంతితో గట్టిపడే రెజిన్ సంగతీ అంతే. "జిగురు వేసినా ఊడింది" అనే ఫిర్యాదు ఎక్కువగా సిలికాన్ కాళ్ల విషయంలో వచ్చేదే.

కాళ్లు ఊడి చేతికొస్తున్నాయి

ఊడిన కాలు చివర చూడండి. కారణం అక్కడే ఉంటుంది.

పోగు మొత్తం, రెండు వైపులదీ కలిసి, ఎక్కడా తెగకుండా వచ్చేసిందంటే అది దూర్చుడు కాలు, బాడీలో పట్టు లేదు. వెంట్రుకలు సరిగ్గా నొక్కకపోవడమో, సూది కాడకి దూరంగా వెళ్లడమో కారణం. వెంట్రుకలు దారం కింద, కాడ దగ్గర, చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. బయటికి వచ్చేకొద్దీ విచ్చుకుంటాయి. సూది కాడని రాసుకుంటూ వెళ్తే కాలు ఆ దట్టమైన చోట ఇరుక్కుంటుంది. కాడ నుంచి 4, 5 మిల్లీమీటర్లు పైన దూరిస్తే వదులు వెంట్రుకల్లో ఊగుతూ ఉంటుంది.

సరైన చోట దూర్చినా జిగురు కావాలి, దాన్ని వేసే పద్ధతి ఒకటుంది. చాలామంది కాలు బయటికి వచ్చే రంధ్రం మీద చుక్క వేస్తారు. అది పైపైన గట్టిపడి ఊరుకుంటుంది. అలా కాకుండా, కాళ్లు రెండు వైపులా సమానంగా ఉన్నాక, ఒక వైపు పోగును పట్టుకుని నెమ్మదిగా లాగండి. అప్పటిదాకా బాడీ లోపల ఉన్న భాగం 4 మిల్లీమీటర్ల మేర బయటికి వస్తుంది. ఆ భాగం మీద, సరిగ్గా రంధ్రం అంచున, సూది మొనతో తీసిన చిన్న చుక్క జెల్ సూపర్‌గ్లూ రాయండి. వెంటనే రెండో వైపు నుంచి లాగి పోగును మళ్లీ మధ్యకి తీసుకురండి. జిగురు రబ్బరుతోపాటు లోపలికి వెళ్లి వెంట్రుకల మధ్య పట్టుకుంటుంది, బయట ఏమీ కనిపించదు. జెల్ కూడా త్వరగానే పట్టేస్తుంది కాబట్టి కాళ్ల పొడవు ముందే సరిచూసుకోవాలి. జిగురు రాశాక ఆలోచించడానికి టైముండదు.

సిలికాన్ కాళ్లకి ఇది కుదరదు. వాటికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, పోగు మధ్యలో ఒక మామూలు ముడి వేసి, ఆ ముడిని రంధ్రం అంచున వెంట్రుకల్లోకి లాగి కూర్చోబెట్టడం. ముడి రెండో వైపుకి జారదు. ముడి లేని వైపు నుంచి చేప లాగినా ఆగుతుంది. ముడి ఉన్న వైపు నుంచి లాగితే మాత్రం బయటికి రావచ్చు, అందుకని రెండో వైపు కూడా ముడి వేసి అదే విధంగా లోపలికి దించాలి. రెండోది, జిగురుగా సిలికాన్ సీలెంట్‌నే వాడటం. ఇందాక చెప్పినట్టే, బయటికి లాగిన భాగానికి సూది మొనతో రాసి లోపలికి పంపాలి. ఇది ఆరడానికి ఒక రోజు వదిలేయాలి. తొందర ఉంటే ముడి, తీరిక ఉంటే సీలెంట్.

ఊడింది కట్టుడు కాలు అయితే లోపం చుట్లలో ఉంది. జీఎస్‌పీ (జెల్ స్పన్ పాలిథిలీన్) దారం చాలా బలమైనది కానీ నున్నగా ఉంటుంది, జారుతుంది. దాని మీద మామూలు జిగుర్లు కూడా సరిగ్గా నిలవవు. కాలు కట్టే ముందు దారానికి ఒకసారి మైనం పట్టించండి. కాలిని అడ్డంగా పెట్టి, ఐమూలగా ఒక దిక్కున 2 చుట్లు, దానికి అడ్డంగా రెండో దిక్కున 2 చుట్లు వేసి, కాలి పక్కనే కాడ మీద 2 హాఫ్ హిచ్ (దారంతో వేసే ఒంటి ఉచ్చు) ముడులు వేయాలి. ఈ ముడులు వేయకుండా తర్వాతి కుచ్చు మొదలుపెడితే, ఆ కుచ్చు తిప్పేటప్పుడు దారం ఒక్కసారి వదులైనా కాలి మీది చుట్లన్నీ వదులవుతాయి.

దారం బిగించగానే కాలు తెగిపోతోంది

సన్నగా, గుండ్రంగా మెలితిరిగి ఉన్న దారం తీగలా కోస్తుంది. బాబిన్‌తో (దారపు ఉండను పట్టి ఉంచే పనిముట్టు) చుట్టేకొద్దీ దారంలో మెలి పెరుగుతుంది. కుడిచేతి వాటంవాళ్లు బాబిన్‌ను వేలాడదీసి, పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో 10, 15 సార్లు తిప్పితే మెలి వీడి దారం పట్టీలా పరుచుకుంటుంది. ఎడమచేతి వాటంవాళ్లు దీనికి ఉల్టా చేయాలి. కెవ్లార్ దారంతో గానీ 100 డెనియర్ (దారం మందానికి కొలత; అంకె పెరిగితే దారం లావు) జీఎస్‌పీతో గానీ కాళ్లు తెగుతుంటే 200 డెనియర్ జీఎస్‌పీకో, 210 డెనియర్ ఫ్లాట్ వ్యాక్స్‌డ్ నైలాన్‌కో మారండి. జింక వెంట్రుకలు విచ్చుకునేలా లాగడానికి కూడా ఇవే అనువైనవి కాబట్టి దారం మార్చాల్సిన పనే ఉండకపోవచ్చు.

రెండో కారణం చేతి అలవాటు. వెంట్రుకల కుచ్చుని బిగించిన జోరులోనే కాలిని కూడా బిగించేస్తాం. వెంట్రుకకి ఆ బలం కావాలి, రబ్బరుకి అక్కర్లేదు. మొదటి 2 చుట్లు దారం బరువుతో, కాలు కాస్త నొక్కుకునే వరకే వేయాలి. తర్వాతి రెండింటికి కాస్త బిగువు పెంచాలి. చుట్టు కింద కాలు సగం మందానికి నొక్కుకుంటే చాలు. అంతకంటే లోతుగా గాటు పడితే ఆ కాలు ఇప్పుడు తెగకపోయినా మొదటి చేపకి తెగుతుంది.

కాలిని ఎడమచేత్తో లాగిపట్టి కట్టే అలవాటుంటే మానుకోండి. లాగితే సన్నబడుతుంది, సన్నబడితే దారం సులువుగా కోస్తుంది. పైగా రెండు వైపులా సమానంగా లాగడం ఎవరి వల్లా కాదు. వదిలాక ఒక కాలు పొడుగ్గా, ఇంకోటి పొట్టిగా తేలుతుంది.

చెక్కేటప్పుడు బ్లేడుకి కాళ్లు బలి

కట్టుడు కాళ్లలో ఇదే పెద్ద నష్టం. అరగంట పట్టి కట్టిన బాడీకి చివరి గీతలో కాలు పోతుంది. సరిగ్గా ఒక పక్కదే పోతుంది.

కాళ్లను ముందే పొడుగ్గా ఉంచండి. చివరికి 4 సెంటీమీటర్లు కావాలంటే మొదట 7 ఉంచాలి, అప్పుడే పక్కకి లాగి కట్టడానికి అందుతాయి. చెక్కే ముందు ఒక పక్క కాళ్లన్నీ కలిపి, 3 సెంటీమీటర్ల పొడవున కోసిన స్ట్రా ముక్కలోకి లాగండి. బాబిన్‌లో దారం ఎక్కించే తీగ ఉచ్చు ఇందుకు పనికొస్తుంది. స్ట్రాను వెంట్రుకల్లోకి, కాళ్ల మొదలు దాకా దించండి. రెండో పక్క కూడా అంతే. ఇప్పుడు కాళ్లు ఎక్కడున్నాయో స్పష్టంగా కనిపిస్తుంది, బ్లేడు స్ట్రాకి తగిలితే చేతికి తెలుస్తుంది.

తర్వాత వరస ముఖ్యం. ముందు పొట్ట వైపు బ్లేడుతో ఒకే చదును గీత. గాలం నోరు, అంటే మొనకీ కాడకీ మధ్య ఖాళీ, తెరిచి ఉండాలంటే పొట్ట కాడకి దగ్గరగా కోయక తప్పదు. తర్వాత వీపు, ఆపైన ముఖం. కాళ్లు ఉన్న రెండు పక్కలకీ బ్లేడు వాడకండి, అక్కడ వంపు కత్తెరతో వెంట్రుకలను కొద్దికొద్దిగా తీయండి. పక్కలు కాస్త గరుకుగా ఉంటాయి, ఉండనివ్వండి. నున్నటి పక్క కోసం చేసే ఆఖరి గీతే కాలిని కోస్తుంది.

కాళ్లను వేళ్లతో వెనక్కి లాగిపట్టి చెక్కడం మాత్రం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. చూడటానికి కాళ్లు తప్పుకున్నట్టే ఉంటుంది కానీ సాగి ఉన్న రబ్బరు బ్లేడు మొన తాకగానే తెగుతుంది. పట్టుకోవాలంటే వదులుగా పట్టుకోవాలి.

ఒక కాలు పైకి, ఒక కాలు కిందికి

దారం తిరిగే దిక్కుకే కాళ్లూ తిరుగుతాయి. కుడిచేతి వాటంవాళ్లు దారాన్ని కాడ పైనుంచి అవతలి పక్కకి చుడతారు. బిగించినప్పుడు మన వైపు కాలు పైకి ఎక్కుతుంది, అవతలి వైపుది కిందికి జారుతుంది. రెండు కాళ్లను సరిగ్గా సమాన ఎత్తులో పెట్టి కడితే చివరికి సమానంగా ఉండవు. మన వైపు కాలిని కాస్త కిందుగా, అవతలి దాన్ని కాస్త పైగా పెట్టి బిగిస్తే దారమే వాటిని సరైన చోటికి తెస్తుంది. ఎంత కిందుగా అన్నది దారం బిగువును బట్టి ఉంటుంది. సాధారణంగా కాలి మందం ఒకటి, ఒకటిన్నర వంతు సరిపోతుంది.

కాళ్లు ముందుకో వెనక్కో మరీ వాలిపోతే చుట్లు ఏ పక్కన పడ్డాయో చూడండి. కాలికి ముందు, అంటే గాలం కన్ను (తాడు కట్టే రంధ్రం) వైపు, ఎక్కువ చుట్లు పడితే కాలు వెనక్కి వాలుతుంది. వెనక ఎక్కువ పడితే ముందుకి వాలుతుంది. మేడమ్ ఎక్స్ లాంటివాటిలో కాళ్ల కోణాన్ని సరిచేసేది ఈ ఒకటి రెండు చుట్లే. మందంగా నొక్కిన బగ్‌లో మాత్రం చుట్ల కంటే తర్వాతి కుచ్చు ప్రభావమే ఎక్కువ. దాన్ని ప్యాకర్‌తో (వెంట్రుకలను కాడ వెంట వెనక్కి నొక్కే చీలిక ఉన్న పనిముట్టు) వెనక్కి నొక్కగానే కాళ్లూ వెనక్కి పడతాయి. నొక్కిన ప్రతిసారీ రెండు వైపుల కాళ్లనూ ముందుకి ఒకసారి లాగి వదలాలి. ఎంత చేసినా కాస్త వెనక వాలు మిగులుతుంది, ఫ్లై నీటిలో కదిలేటప్పుడు అది మంచిదే.

ఒకే చోట రెండు మూడు పోగులు కడితే అవి అతుక్కున్నట్టు ఒకే కాలిగా కనిపించడం ఇంకో తేడా. మూడింటినీ ఒకే చుట్టులో కట్టేయడమే కారణం. మొదటి పోగుకి అడ్డ చుట్లు వేసి, దానికి ఒక మిల్లీమీటరు ముందు రెండోదాన్ని వేరే చుట్లతో కట్టండి. పట్టీగా వచ్చే కాళ్లను మొదట్లోనే పూర్తిగా విడదీయకపోవడం కూడా ఒక్కోసారి కారణమవుతుంది.

కాళ్ల దగ్గర బాడీలో సందు కనిపిస్తోంది

పైనుంచి చూస్తే రంగుల పట్టీల మధ్య బోడి గీత. జింక వెంట్రుక ఖాళీ కాడ మీదే చుట్టూ తిరుగుతుంది. దారం చుట్లున్న చోట తిరగకుండా పెట్టినచోటే నిలబడుతుంది. కాళ్లు కట్టిన చుట్లు కాడ మీద చిన్న దిబ్బలా తయారవుతాయి, తర్వాతి కుచ్చు దాని మీద తిరగక ఒక పక్కే విచ్చుకుంటుంది. 10, 12 చుట్లు వేసేవాళ్లకి ఈ సందు తప్పదు. 4 అడ్డ చుట్లు, 2 ముడులు దాటొద్దు.

ఆ చోట కుచ్చును తిప్పే ప్రయత్నం కూడా మానేయండి. కుచ్చును రెండు సగాలు చేసి, ఒక సగం కాడ పైన, రెండో సగం కింద పెట్టి, కదలకుండా పట్టుకుని బిగించండి. పెన్సిల్ మందం కుచ్చు అయితే సగం చేశాక సరిపోతుంది. బిగించాక ప్యాకర్ చీలికను కాళ్లకి రెండు వైపులా వచ్చేలా పెట్టి నొక్కాలి. కాళ్ల మీదుగా నొక్కితే రబ్బరు మెత్తగా తోసుకుపోతుంది తప్ప వెంట్రుకలు కదలవు.

కుచ్చు మొదట్లో మెత్తటి లోపలి నూగు మిగిలినా సందులు పడతాయి. దువ్వెనతో అది పూర్తిగా పోయేదాకా దువ్వాలి. ఈ పనికి తెల్లతోక జింక పొట్ట వెంట్రుకలు శ్రేష్ఠం: లావుగా, లోపల గాలి గదులతో ఉండి బాగా విచ్చుకుంటాయి.

సూది దూరడం లేదు, దూరినా బాడీ చీలుతోంది

మొన సూదిగా ఉన్న కుట్టు సూది లోపల దారంలోనే గుచ్చుకుంటుంది. ముందుకి వెళ్లదు, బలంగా తోస్తే దారం పోగులు తెగుతాయి, అక్కడి నుంచి బాడీ వదులవుతుంది. మొన మొద్దుగా, కన్ను పొడుగ్గా ఉండే ఎంబ్రాయిడరీ సూది తీసుకోండి. అది వెంట్రుకల మధ్య నుంచి తోసుకుంటూ పోతుంది, దారం తగిలితే పక్కకి జారుతుంది. కాడకి ఆనించి, పైపక్క నుంచి, నెమ్మదిగా మెలితిప్పుతూ తోయాలి. చేత్తో కష్టమైతే చిన్న పట్టకారు వాడండి. తోసే వైపుకి ఎదురుగా వేలు పెట్టకండి. గాలం మొనకి ముందే ఒక రబ్బరు ముక్క గుచ్చి ఉంచితే ఇంకా మంచిది.

అసలు తప్పు చాలాసార్లు రబ్బరును నేరుగా సూది కన్నులోకి ఎక్కించడం. కన్ను దగ్గర రబ్బరు మడత పడి, సూది మందానికి తోడై లావైన ముడిలా తయారవుతుంది. దాన్ని బలంగా లాగితే వెంట్రుకలు దారి ఇచ్చి చీలిపోతాయి, మళ్లీ మూసుకోవు. ఇలా చేయండి: 15 సెంటీమీటర్ల సన్నటి నైలాన్ తీగను మధ్యకి మడిచి, రెండు చివర్లనూ సూది కన్నులో ఎక్కించండి. సూదిని బాడీలో అడ్డంగా దూర్చి అవతలికి లాగితే, ఇవతలి పక్క నైలాన్ ఉచ్చు మిగులుతుంది. రబ్బరు పోగు చివర ఒక సెంటీమీటరు ఆ ఉచ్చులోకి మడిచి పెట్టండి. ఇప్పుడు ఇవతలి పక్క రబ్బరును వేళ్లతో పట్టుకుని సాగదీస్తూనే, అవతలి పక్క నైలాన్‌ను లాగండి. సన్నబడిన రబ్బరు జారినట్టు వెళ్తుంది. మడత బయటికి రాగానే రెండు వైపులా వదిలేయండి, లోపల లావై బిగుసుకుంటుంది.

ఒక్క లాగుడులో రెండు పోగులు కావాలంటే 16 సెంటీమీటర్ల పోగును సరిగ్గా మధ్యకి ఉచ్చులో పెట్టి లాగి, అవతల వచ్చిన మడతను కత్తిరించాలి. ప్రతి పక్కా రెండేసి కాళ్లు వస్తాయి. లాగేటప్పుడు రెండింతల మందం దూరాలి కాబట్టి ఒక మిల్లీమీటరు లోపు మందమున్న కాళ్లకే ఇది బాగుంటుంది. ఆవిరి పట్టి వెంట్రుకలు విప్పే అలవాటుంటే ఆ పని కాళ్లు దూర్చకముందే ముగించండి.

జిగురు మరకలు, బిగుసుకుపోయిన మొదళ్లు

పల్చటి సూపర్‌గ్లూ వెంట్రుకల వెంట పాకుతుంది. బయటికి ఒక చుక్కే కనిపించినా లోపల బఠానీ గింజంత గట్టి ముద్ద అవుతుంది, అంతమేర ఫ్లై తేలే గుణం తగ్గుతుంది. కాలి మొదలు పుల్లలా నిలబడి, ఆ గట్టి అంచు దగ్గరే తర్వాత విరుగుతుంది. జెల్ వాడండి, సీసా నుంచి నేరుగా కాకుండా సూది మొనతోనే వేయండి. నల్లటి, ముదురు రంగు వెంట్రుకల మీద తెల్లటి పొగ లాంటి మరక వస్తే జిగురు ఆవిరి చుట్టుపక్కల దిగడమే కారణం. తక్కువ జిగురు వేసి, ఆరేదాకా గాలి తగిలేలా ఉంచితే రాదు. డబ్బాలో మూసిపెడితే తప్పకుండా వస్తుంది.

విసిరితే గిరగిర తిరుగుతోంది, నీటి మీద పక్కకి ఒరుగుతోంది

ఒక పక్క కాళ్లు పొడుగైతే గాలిలో ఫ్లై తిరిగి లీడర్ (ఫ్లైని కట్టే సన్నటి చివరి తీగ) మెలిపడుతుంది. కాళ్లను వదులుగా, సాగదీయకుండా కిందికి వేలాడదీసి పొడవులు సరిచూడండి. పొడవు పక్కను 5 మిల్లీమీటర్ల చొప్పున తగ్గిస్తూ, ఫ్లైని మీటరు లీడర్‌కి కట్టి గాలిలో ఊపి చూస్తుండాలి. కత్తిరించేటప్పుడు కూడా లాగొద్దు, లాగి కోసిన కాలు వదిలాక అనుకున్నదానికంటే పొట్టిగా తేలుతుంది. పొడవులు సమానమైనా తిరుగుతుంటే కాళ్లు మరీ ఎక్కువయ్యాయి. పక్కకి 4 చాలు.

బకెట్ నీళ్లలో వేస్తే పక్కకి ఒరుగుతోందంటే ముందు కాళ్లను అనుమానించకండి. పొట్ట చదునుగా ఉందా, రెండు పక్కల వెంట్రుకలు సమానంగా ఉన్నాయా చూడండి. ఆ రెండూ సరిగా ఉంటే, కాళ్లు ఒక వైపు ఎత్తుగా, ఇంకో వైపు దిగువగా దూరి ఉంటాయి. ఒక వైపు కాలు నీటిలో, ఇంకోటి గాలిలో ఉంటే ఒరగక తప్పదు. లాగేసి మళ్లీ దూర్చడమే.

కాళ్లు గాలం మొనకి చుట్టుకోవడం పొడవు వల్ల వచ్చేదే. కాలిని వెనక్కి పరిచి చూడండి. చివర సరిగ్గా మొన దగ్గర ఆగితే అదే చెడ్డ పొడవు, మొనకి తగులుకుంటుంది. మొనకి 3, 4 మిల్లీమీటర్లు ముందే ఆగేలా కత్తిరించండి. పొడుగు కాళ్లు తప్పనిసరైతే లావు పోగు వాడండి, మెత్తటి సన్నటి పోగే ఎక్కువగా చుట్టుకుంటుంది.

కాళ్లు ఉన్నాయి కానీ కదలడం లేదు

పొట్టి కాలు, లావు కాలు, జిగురు తాగిన కాలు. ఈ మూడింటిలో ఏదో ఒకటి కారణం. మొదళ్ల దగ్గర గిల్లి చూస్తే జిగురు సంగతి తెలుస్తుంది. చిన్న బాడీకి లావు పోగు పెడితే పుల్లల్లా నిలబడతాయి, ఒక సైజు తగ్గించండి.

డబ్బాలో ఉండగానే జిగటగా, పగుళ్లుగా మారాయి

సహజ రబ్బరుకి ఎండ, వేడి, నూనె పడవు. గాలిలో ఉండే కొద్దిపాటి ఓజోన్ కూడా దాన్ని పగలగొడుతుంది, అదీ సాగి ఉన్న చోటో వంగి ఉన్న చోటో. డబ్బా మూత కింద మడత పడిన కాలు సరిగ్గా ఆ మడత దగ్గరే పగలడానికి కారణం ఇది. లోతైన అరలున్న డబ్బా వాడి, కాళ్లు మడత పడకుండా ఉంచండి. మడత పడి వంకర తేలిన కాళ్లను కాగిన నీళ్లలో కాసేపు ముంచితే చాలావరకు సర్దుకుంటాయి. పగుళ్లు వచ్చాక మాత్రం లాభం లేదు.

ఫ్లై తేలడానికి రాసే ఫ్లోటెంట్ ఇంకో నేరస్థుడు. పెట్రోలియం జెల్లీ లాంటివి తగిలితే సహజ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, బలం కోల్పోతుంది. సిలికాన్ నూనెతో చేసినవి సహజ రబ్బరును పెద్దగా ఏమీ చేయవు కానీ సిలికాన్ కాళ్లను ఉబ్బిస్తాయి. అందుకని ఏ కాళ్లున్నాయో చూసుకుని ఫ్లోటెంట్ ఎంచుకోవాలి, దాన్ని వెంట్రుకల పొట్టకే రాయాలి. వేళ్లు తుడుచుకోకుండా కాళ్లు సర్దొద్దు. డీట్ ఉన్న దోమల మందు స్పాండెక్స్‌ను పాడుచేస్తుంది. చేతులకి ఆ మందు ఉంటే స్పాండెక్స్ కాళ్లున్న ఫ్లైని ముట్టుకోకండి. వాడని రబ్బరు పోగులను కాస్త టాల్కం పౌడర్ చల్లి, వెలుతురు పడని చోట ఉంచితే ఒకదానికొకటి అతుక్కోవు.

బాడీ బాగుంది, కాళ్లు పోయాయి

దూర్చుడు కాళ్లయితే పాత పోగును పట్టకారుతో లాగేసి అదే దారిలో కొత్తది లాగండి. పాత జిగురు గట్టిపడి దారి మూసుకుపోయి ఉంటే దానితో కుస్తీ పట్టొద్దు, 2 మిల్లీమీటర్లు ముందుకి జరిగి కొత్తగా దూర్చండి. కట్టుడు కాళ్లయితే మిగిలిన మొదళ్లను వెంట్రుకలతో సమానంగా కత్తిరించి వదిలేయండి. వాటిని పీకితే లోపలి చుట్లు వదులవుతాయి. కొత్త కాళ్లను ఆ చుట్లకి కాస్త వెనక, మొద్దు సూదితో దూర్చండి. అక్కడ వెంట్రుకలు ముందే బాగా నొక్కుకుని ఉంటాయి కాబట్టి పట్టు దొరుకుతుంది. అయినా సహజ రబ్బరైతే లోపలికి లాగే జిగురు చుక్క, సిలికాన్ అయితే రెండు ముడులు మానొద్దు.